ఉమ్మడి ప్లగ్గు కోసం నిరీక్షణ: పుదుచ్చేరి నుంచి చూసిన విద్యుత్ బండి చరిత్ర



విద్యుత్ మోటార్ సైకిల్ కొనాలనుకునే వారు సాధారణంగా రెండు ప్రశ్నలు వేస్తారు. మా ఊళ్ళో ఏ బండి దొరుకుతుంది? త్వరగా చార్జింగ్ చేసుకునే సౌకర్యం ఎక్కడుంది? మొదటి ప్రశ్నకు జవాబు చెప్పడం ఈనాడు కష్టం కాదు. రెండో ప్రశ్నకు జవాబు కోసం మాత్రం కొంత వెనక్కి వెళ్ళాలి. వంద సంవత్సరాలకు పైబడిన విద్యుత్ వాహన చరిత్రలో బండి తయారు కావడం పెద్దగా ఆలస్యం కాలేదు. ఆలస్యమైనదల్లా ఆ బండికి దారిలో శక్తినిచ్చే ఏర్పాటు, అందులోనూ అందరికీ పనికివచ్చే ఉమ్మడి ఏర్పాటు. ఈ పాఠంలో మనం పరిశీలించబోయే విషయం ఇదే.

ఈ పరిశీలనకు పుదుచ్చేరి పట్టణాన్ని ఎంచుకున్నాం. తెలుగువారికి పుదుచ్చేరి పరాయిది కాదు. కాకినాడ దగ్గర గోదావరి పాయ ఒడ్డున ఉన్న మన యానాం ఆ కేంద్రపాలిత ప్రాంతంలో భాగమే. యానాంలో రిజిస్టరయిన బండి నంబరు కూడా పీవై అక్షరాలతోనే మొదలవుతుంది. అంతేకాదు, విద్యుత్ వాహనానికి పుట్టినిల్లయిన ఫ్రాన్సు పాలనలో దీర్ఘకాలం ఉన్న ఊరు పుదుచ్చేరి. చదునైన నేల, చిన్న చిన్న దూరాలు, తిన్నని వీధులు, అద్దె బండ్ల మీద తిరిగే పర్యాటకులు, ఊరు దాటగానే మరో రాష్ట్రం: ఇన్ని లక్షణాలు ఒక్కచోట కనిపించడం అరుదు.

ఫ్రాన్సులో పుట్టిన బ్యాటరీ

1859లో గాస్టన్ ప్లాంటే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త సీసపు రేకులను గంధకామ్లంలో ఉంచి, వాడిన తరువాత మళ్ళీ చార్జింగ్ చేసుకోగలిగే మొదటి బ్యాటరీని తయారుచేశాడు. 1881లో కామీ ఫోర్ ఆ రేకులకు సీసం ఆక్సైడు ముద్దను పూసి, అది నిలవ చేసుకునే విద్యుత్తును బాగా పెంచాడు. అదే సంవత్సరం ఏప్రిల్‌లో గుస్తావ్ ట్రూవే అనే మరో ఫ్రెంచివాడు మూడు చక్రాల సైకిలుకు చిన్న మోటారు, బ్యాటరీ అమర్చి పారిస్ వీధిలో నడిపి చూపించాడు. 1895లో అమెరికాలో ఆగ్డెన్ బోల్టన్ విద్యుత్ సైకిలుకు పేటెంటు పొందాడు. అందులో మోటారు వెనక చక్రం ఇరుసు దగ్గరే ఉంటుంది. మన వీధుల్లో తిరిగే అనేక విద్యుత్ స్కూటర్లలో ఇప్పటికీ అదే పద్ధతి కనిపిస్తుంది. 1899లో పారిస్ సమీపంలో కామీ జెనాజీ నడిపిన విద్యుత్ కారు గంటకు 105 కిలోమీటర్ల వేగాన్ని దాటింది. రోడ్డు మీద 100 కిలోమీటర్ల వేగాన్ని మొదట అందుకున్నది పెట్రోలు కారు కాదు, విద్యుత్ కారు.

అదే కాలంలో ఫ్రెంచివారి పుదుచ్చేరిలో దొరలు ఊరు తిరగడానికి వెనకనుంచి మనుషులు తోసే 'పుస్ పుస్' బండ్లు వాడేవారు. పాలించే దేశం రాజధానిలో విద్యుత్ బండి ప్రదర్శనలు జరుగుతున్నా, పాలితుల ఊళ్ళో వాహనం మనిషి కండబలం మీదే నడిచింది. కొత్త యంత్రం కనిపెట్టడానికీ, అది సామాన్యుడి చేతికి అందడానికీ మధ్య ఎంత దూరం ఉంటుందో ఈ ఒక్క ఉదాహరణ చెబుతుంది.

మరి అంత ముందుగా వచ్చిన విద్యుత్ వాహనం ఎందుకు వెనకబడింది? 1912లో అమెరికాలో కాడిలాక్ కార్లకు చార్లెస్ కెటరింగ్ రూపొందించిన స్టార్టర్ వచ్చింది. హ్యాండిల్ తిప్పి ఇంజను స్టార్టు చేసే కష్టం తప్పింది. పెట్రోలు కారుకున్న పెద్ద ఇబ్బంది అలా తొలగిపోయింది. విద్యుత్ వాహనానికున్న పెద్ద ఇబ్బంది, అంటే గంటల తరబడి చార్జింగ్, అలాగే మిగిలింది. దానికి కూడా ఒక ఉపాయం ఆలోచించినవారున్నారు. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరంలో ఒక విద్యుత్ సంస్థ 1912 ప్రాంతంలో ట్రక్కుల బ్యాటరీలను మార్చి ఇచ్చే సేవను ప్రారంభించింది. బండి యజమాని బ్యాటరీ కొనడు. ఖాళీ అయినది ఇచ్చి నిండినది తీసుకుంటాడు. 1924 వరకు ఆ సేవ నడిచింది. ఈనాడు మనం కొత్తగా వింటున్న 'బ్యాటరీ మార్పిడి' పద్ధతి వయస్సు వందేళ్ళు దాటిందన్నమాట. కాని అది ఒక నగరానికి, ఒక సంస్థకు పరిమితమైన ఏర్పాటు. పెట్రోలు బంకుకు అటువంటి పరిమితి లేదు. ఏ కంపెనీ బండి అయినా, ఏ బంకులోనైనా అదే గొట్టం సరిపోతుంది.

1879 నాటి రైలు చెప్పే పాఠం

ఉమ్మడి కొలత ఎంత విలువైనదో పుదుచ్చేరి చరిత్రలోనే ఒక నిదర్శనం ఉంది. 1879లో పుదుచ్చేరి నుంచి విల్లుపురానికి రైలు మార్గం తెరిచారు. ఒక కొస ఫ్రెంచి సామ్రాజ్యంలో, మరో కొస బ్రిటిషు సామ్రాజ్యంలో. రెండింటి చట్టాలు వేరు, సుంకాలు వేరు. అయినా పట్టాల మధ్య దూరం మాత్రం ఒక్కటే. విల్లుపురం మీదుగా వెళ్ళే సౌత్ ఇండియన్ రైల్వే మీటర్ గేజ్‌లో ఉంది కాబట్టి పుదుచ్చేరి శాఖను కూడా మీటర్ గేజ్‌లోనే వేశారు. దానితో సరుకు పెట్టెలు సరిహద్దు దగ్గర దించి ఎక్కించే పని లేకుండా నేరుగా సాగిపోయాయి. ఫ్రెంచివారు తమ ప్రతిష్ఠ కోసం వేరే గేజ్ పట్టాలు వేసుకుని ఉంటే ఆ మార్గం ఇరవై మైళ్ళ బొమ్మ రైలుగా మిగిలిపోయేది.

ఇక్కడ గేజ్ ఎటువంటిదో, విద్యుత్ బండికి ప్లగ్గు అటువంటిది. ఈ పోలికను గుర్తుంచుకోండి.

మన దేశంలో మొదటి అల

భారతదేశంలో విద్యుత్ స్కూటర్లు వీధుల్లో బాగా కనిపించడం 2006, 2007 సంవత్సరాల నుంచి మొదలైంది. గుజరాత్‌కు చెందిన ఎలక్ట్రోథెర్మ్ సంస్థ యో బైకులు, ఆ తరువాత హీరో ఎలక్ట్రిక్, కోయంబత్తూరులో 2008లో ఆరంభమైన ఆంపియర్ వంటివి ఆ తరానికి చెందినవి. మోటారు శక్తి 250 వాట్ల లోపు, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటే అటువంటి బండి మోటారు వాహనం కిందికి రాదని నిబంధన ఉండటం వల్ల రిజిస్ట్రేషను, లైసెన్సు అవసరం ఉండేవి కావు. పెద్దవారు, విద్యార్థులు వాటిని ఇష్టపడ్డారు.

కాని వాటిలో ఎక్కువ భాగం సీసం బ్యాటరీ మీద నడిచేవి. ప్లాంటే కనిపెట్టిన సీసమే నూట యాభై ఏళ్ళ తరువాత కూడా! ఒక కిలో సీసం బ్యాటరీలో 30 నుంచి 40 వాట్ అవర్ల శక్తి మాత్రమే నిలవ ఉంటుంది. 3 యూనిట్ల విద్యుత్తు నిలవ చేయాలంటే 80 కిలోల పైమాటే. అంత బరువు స్కూటరు మోయలేదు కాబట్టి చిన్న బ్యాటరీ పెట్టేవారు, దూరం తగ్గేది. రాత్రంతా చార్జింగ్ పెట్టాలి. కొంతకాలానికి బ్యాటరీ సెట్టు మార్చవలసి వచ్చేది. ఆ ఖర్చు చూసి బండిని మూలన పడేసినవారు అనేకులు.

2010 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ఫ్యాక్టరీ ధరలో 20 శాతం చొప్పున రాయితీ ప్రకటించింది. తక్కువ వేగం స్కూటర్లకు 4,000 రూపాయలు, ఎక్కువ వేగం వాటికి 5,000 రూపాయలు గరిష్ఠ పరిమితి. 2012 మార్చితో ఆ పథకం ముగిసింది. మొదటి అల కూడా వెనక్కి తగ్గింది. బండి ధరలో కొంత భాగం తగ్గించినంత మాత్రాన చార్జింగ్ ఏర్పాటు దానంతట అది రాదని ఆ అనుభవం నేర్పింది.

లిథియంతో వచ్చిన మార్పు

1991లో జపానుకు చెందిన సోనీ సంస్థ లిథియం అయాన్ బ్యాటరీని మార్కెట్టులోకి తెచ్చింది. దీనికి పునాది వేసిన గుడ్‌ఇనఫ్, విటింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఒక కిలో లిథియం సెల్లులో 150 వాట్ అవర్లు, అంతకు మించి కూడా శక్తి ఉంటుంది. సీసంలో 80 కిలోలు పట్టిన 3 యూనిట్లు ఇందులో 20 కిలోల సెల్లుల్లో ఇమిడిపోతాయి. రెండో అలకు కారణం ఇదే.

ఐఐటీ మద్రాసు పూర్వ విద్యార్థులు 2013లో నెలకొల్పిన ఏథర్ సంస్థ 2018లో బెంగళూరులో తన 450 స్కూటరును విడుదల చేసింది. బండితో పాటే ఊళ్ళో వేగవంతమైన చార్జింగ్ కేంద్రాలను కూడా నెలకొల్పింది. 2020లో టీవీఎస్ ఐక్యూబ్, 2021 చివర ఓలా స్కూటర్లు వచ్చాయి. హోసూరు, కృష్ణగిరి జిల్లా, రాణిపేట ప్రాంతాల్లో ఫ్యాక్టరీలు వెలిశాయి. పుదుచ్చేరికి ఇవన్నీ పొరుగున ఉన్న తమిళనాడులోనివే.

మోటార్ సైకిల్ సంగతి కొంచెం వేరు. స్కూటరులో సీటు కింద, కాళ్ళ కింద బ్యాటరీకి చోటు దొరుకుతుంది. ఊళ్ళో తిరగడానికి చిన్న బ్యాటరీ చాలు. మోటార్ సైకిల్ కొనేవారు పొలం దారిలో, ఊరికీ ఊరికీ మధ్య, వేగంగా, దూరంగా వెళ్ళాలనుకుంటారు. అందుకే పెద్ద బ్యాటరీ, ఎక్కువ ధర. 2019 ఆగస్టులో వచ్చిన రివోల్ట్ ఆర్‌వీ 400 బండిలో 3.24 యూనిట్ల బ్యాటరీని బయటికి తీయవచ్చు. 2022లో పుణె నుంచి టార్క్ క్రేటాస్, బెంగళూరు నుంచి అల్ట్రావయొలెట్ ఎఫ్ 77 వచ్చాయి. మన హైదరాబాదు కూడా వెనకబడలేదు. ఐఐటీ హైదరాబాదులో అంకురించిన ప్యూర్ ఈవీ సంస్థ 2022లో ఈట్రిస్ట్ 350 అనే మోటార్ సైకిల్‌ను తెచ్చింది. కాబట్టి 'బండి దొరుకుతుందా' అన్న ప్రశ్నకు ఇప్పుడు జవాబు అవుననే. మీ ఊళ్ళో దాన్ని బాగుచేసే సర్వీసు కేంద్రం ఉందా లేదా అన్నది చూసుకుంటే చాలు.

చార్జింగ్ లెక్క

ఇప్పుడు మీరు ఒక కాగితం, పెన్సిలు తీసుకోండి. ఒక లీటరు పెట్రోలును మండిస్తే సుమారు 9 యూనిట్ల శక్తి వెలువడుతుంది. ఇంజను అందులో అయిదో వంతు మాత్రమే చక్రానికి అందించి మిగతాది వేడిగా వదిలేస్తుంది. విద్యుత్ మోటారు అలా వృథా చేయదు. ఒక యూనిట్ విద్యుత్తుతో ద్విచక్ర వాహనం సుమారు 30 కిలోమీటర్లు వెళుతుంది. అంటే 3 యూనిట్ల బ్యాటరీతో 90 కిలోమీటర్లు. వేగం పెరిగినా, వెనక మనిషి కూర్చున్నా అది తగ్గుతుంది.

ఇంట్లో పెట్టుకునే చార్జరు సాధారణంగా ముప్పావు కిలోవాటు ప్రాంతంలో ఉంటుంది. 3 యూనిట్లు నింపడానికి నాలుగు గంటలు, నష్టాలు కలుపుకుంటే అయిదు గంటలు. రాత్రి పడుకునేముందు పెడితే తెల్లవారేసరికి నిండుతుంది. దీన్ని నెమ్మది చార్జింగ్ అంటారు.

వేగవంతమైన చార్జింగ్‌లో చార్జరు బండి బయట స్తంభంలో ఉంటుంది. ఏసీ విద్యుత్తును అక్కడే డీసీగా మార్చి నేరుగా బ్యాటరీలోకి పంపుతుంది. 3 కిలోవాట్ల చొప్పున పంపితే బ్యాటరీ 80 శాతం నిండటానికి 48 నిమిషాలు పడుతుంది. ఇక్కడ ఒక విశేషం గమనించండి. 3 కిలోవాట్లంటే ఒక పెద్ద గీజరు వాడుకునే విద్యుత్తు. మన ఇళ్ళలో గీజరుకు వాడే 16 ఆంపియర్ల లైను దాన్ని మోయగలదు. కారు చార్జింగుకు 50 కిలోవాట్లు, పైగా ట్రాన్స్‌ఫార్మరు కావాలి. స్కూటరుకు అది అక్కరలేదు. టీకొట్టు పక్కన, మందుల షాపు ముందు, గుడి ఆవరణ బయట కూడా ఒక స్తంభం పెట్టవచ్చు. ద్విచక్ర వాహనాల విషయంలో వేగవంతమైన చార్జింగుకు కొరత విద్యుత్తుది కాదు.

80 శాతం దగ్గర ఎందుకు ఆగాం? ఖాళీ ఆర్టీసీ బస్సు బస్టాండుకు వచ్చినప్పుడు మొదటి ముప్పై మంది గబగబా ఎక్కి సీట్లలో కూర్చుంటారు. చివరి పదిమంది తోసుకుంటూ, సర్దుకుంటూ ఎక్కడానికి ఎక్కువసేపు పడుతుంది. లిథియం అయాన్లు కూడా గ్రాఫైటు పొరల మధ్య అలాగే చోటు వెతుక్కుంటాయి. చివరలో తొందరపెడితే అవి లోపలికి పోకుండా పైన లోహపు పూతగా పేరుకుంటాయి. బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది, ప్రమాదం కూడా పెరుగుతుంది. అందుకే మంచి చార్జరు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. రోజూ వేగవంతమైన చార్జింగే చేయడం కంటె, ఇంట్లో నెమ్మదిగా నింపి, ప్రయాణంలో మాత్రమే వేగాన్ని వాడుకోవడం ఉత్తమం.

ప్లగ్గుల వేరు కాపురాలు

విద్యుత్తు కొరత లేకపోతే మరి అడ్డమేమిటి? మొదటిది చట్టం. 2003 విద్యుత్ చట్టం ప్రకారం విద్యుత్తును అమ్మాలంటే లైసెన్సు కావాలి. టీకొట్టు యజమాని బండికి చార్జింగ్ ఇచ్చి డబ్బు తీసుకుంటే అది విద్యుత్ అమ్మకమా? 2018 ఏప్రిల్ 13న కేంద్ర విద్యుత్ మంత్రిత్వశాఖ ఈ సందేహం తీర్చింది. చార్జింగ్ ఒక సేవ, దానికి లైసెన్సు అక్కరలేదు అని స్పష్టం చేసింది. ఆ సంవత్సరమే డిసెంబరులో, నగరాల్లో ప్రతి 3 కిలోమీటర్ల పొడవు, 3 కిలోమీటర్ల వెడల్పు గల గడిలో కనీసం ఒక చార్జింగ్ కేంద్రం, రహదారుల మీద ప్రతి 25 కిలోమీటర్లకు ఒకటి ఉండాలని మార్గదర్శకాలు వెలువడ్డాయి. తరువాత వాటిని పలుమార్లు సవరించారు.

రెండోది ప్లగ్గు. 2017లో ప్రభుత్వం భారత్ ఏసీ, భారత్ డీసీ అనే పేర్లతో ప్రమాణాలు తెచ్చింది. కాని ద్విచక్ర వాహన సంస్థలు ఎవరికి వారు సొంత ప్లగ్గులు రూపొందించుకున్నారు. కారుకు వాడే పెద్ద ప్లగ్గు వందల వోల్టుల బ్యాటరీ కోసం తయారైనది. 48, 72 వోల్టుల స్కూటరుకు అది సరిపడదు. ఫలితంగా ఒక కంపెనీ స్తంభం పక్కనే మరో కంపెనీ బండి చార్జింగ్ అయిపోయి నిలబడే పరిస్థితి వచ్చింది. ఒకే వీధిలో వేర్వేరు గేజ్ పట్టాలు వేసినట్లయింది.

2023లో భారతీయ ప్రమాణాల సంస్థ తేలిక వాహనాల కోసం ఐఎస్ 17017 రెండో భాగం, ఏడో విభాగంగా ఒక ప్లగ్గును ప్రమాణంగా ఆమోదించింది. ఏథర్ రూపొందించిన నమూనాకు చెందిన ఈ ప్లగ్గులో ఏసీ, డీసీ రెండూ సాధ్యమే. హీరో సంస్థ విడా స్కూటర్లు అదే ప్లగ్గును వాడి, ఏథర్ కేంద్రాలను పంచుకోవడం మొదలుపెట్టాయి. ఇద్దరు పోటీదారులు ఒకే స్తంభాన్ని పంచుకోవడం చిన్న విషయంగా కనిపించవచ్చు. చరిత్ర దృష్టిలో అది పెద్ద అడుగు. అయితే ప్రమాణం ప్రకటించడం వేరు, అందరూ అనుసరించడం వేరు.

నిప్పు నేర్పిన పాఠం

2022 వేసవి విద్యుత్ బండి చరిత్రలో విషాదకరమైన కాలం. మార్చిలో వేలూరులో ఇంటివద్ద చార్జింగ్ పెట్టిన స్కూటరుకు నిప్పంటుకుని తండ్రీకూతుళ్ళు మరణించారు. ఏప్రిల్‌లో నిజామాబాదులో, విజయవాడలో ఇళ్ళలో బ్యాటరీలు పేలి ఒక్కొక్కరు ప్రాణాలు కోల్పోయారు. సెప్టెంబరు 12న సికింద్రాబాదులో, కింద విద్యుత్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలు చెలరేగి 8 మంది మరణించారు.

వీటి తరువాత బ్యాటరీ భద్రతా ప్రమాణం ఏఐఎస్ 156ను కఠినం చేసి 2022 డిసెంబరు, 2023 మార్చి నెలల్లో రెండు దశలుగా అమలులోకి తెచ్చారు. ఒక సెల్లు వేడెక్కితే పక్క సెల్లుకు మంట పాకకుండా చూడటం, బ్యాటరీని కనిపెట్టి ఉండే ఎలక్ట్రానిక్ వ్యవస్థ, ప్రతి బ్యాటరీ మూలం తెలుసుకోగలిగే ఏర్పాటు ఇందులో ఉన్నాయి. వేగం ఎంత కావాలో అడిగే ముందు, ఆ వేగాన్ని తట్టుకునే బ్యాటరీ ఉందా అని అడగాలని ఈ మరణాలు మనకు చెబుతున్నాయి.

పుదుచ్చేరి పటం మీద

ఇక పుదుచ్చేరికి తిరిగి వద్దాం. 1761లో బ్రిటిషువారు నేలమట్టం చేసిన తరువాత ఫ్రెంచివారు తిరిగి కట్టుకున్న పట్టణమిది. చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో బుల్వార్డులు, మధ్యలో గళ్ళ నుడికట్టులాంటి వీధులు, సముద్రం వైపు తెల్ల పట్టణాన్నీ ఇటువైపు నల్ల పట్టణాన్నీ వేరుచేసే కాలువ. ఈ బుల్వార్డుల లోపలి ఊరంతా 2018 నాటి మార్గదర్శకాల్లోని ఒక్క గడిలో ఇమిడిపోతుంది. అంటే, కాగితం మీద ఈ పాత పట్టణానికి ఒక్క చార్జింగ్ కేంద్రం ఉంటే చాలు. ఇక్కడి దూరాలకు ఇంట్లో నింపుకున్న చార్జి రెండు మూడు రోజులకు సరిపోతుంది. సాయంత్రం కాగానే వాహనాలను ఆపి, కాలినడకవారికి వదిలేసే గూబేర్ సముద్రతీర వీధి ఉన్న ఊరికి చప్పుడు లేని బండి చక్కగా నప్పుతుంది కూడా. పది కిలోమీటర్ల దూరంలోని ఆరోవిల్‌లో విద్యుత్ సైకిళ్ళు, స్కూటర్లు ఇప్పటికే అలవాటైన వాహనాలు.

అయితే ఇందులో రెండు చిక్కులున్నాయి. మొదటిది, ఇంట్లో సాకెట్టు ఎవరికుంది? సొంత ఇల్లు, వాకిలి ఉన్నవారికి సమస్య లేదు. ఇరుకు సందులో మేడ మీద గది అద్దెకు తీసుకున్న గుమాస్తా, భోజనం పొట్లాలు చేరవేసే కుర్రవాడు, రోజుకు నాలుగు చేతులు మారే అద్దె బండి యజమాని, వీరికి బండి పక్కన ప్లగ్గు లేదు. పెట్రోలు ఖర్చు తగ్గితే ఎక్కువ లాభపడేది కూడా వీరే. వీరికి వీధిలో వేగవంతమైన చార్జింగ్ గానీ బ్యాటరీ మార్పిడి గానీ తప్పనిసరి. ఊరి మధ్య స్తంభం అవసరమైనది దూరం వల్ల కాదు, ఇలా సాకెట్టు లేనివారి వల్ల.

రెండోది, ఊరి బయటి దారి. పుదుచ్చేరి ప్రాంతం ఒకే ముక్కగా లేదు. తమిళనాడు గ్రామాల మధ్య ముక్కలు ముక్కలుగా పరచుకుని ఉంది. తూర్పు తీర రహదారి మీద చెన్నై 150 కిలోమీటర్లు. 90 కిలోమీటర్లు నడిచే బండికి మధ్యలో కనీసం ఒకసారి చార్జింగ్ కావాలి. ఆ చోటు మరో రాష్ట్రంలో, మరో విద్యుత్ పంపిణీ సంస్థ పరిధిలో ఉంటుంది. పుదుచ్చేరిలో ధరను నిర్ణయించేది గోవాకు, కేంద్రపాలిత ప్రాంతాలకు కలిపి ఏర్పాటైన ఉమ్మడి విద్యుత్ నియంత్రణ మండలి. సరిహద్దు దాటితే తమిళనాడు నియంత్రణ మండలి. పరిపాలన ఎన్ని ముక్కలైనా ప్లగ్గు ఒక్కటే అయితే ప్రయాణికుడికి ఇబ్బంది లేదు. 1879లో రెండు సామ్రాజ్యాలు ఒప్పుకున్న విషయాన్ని ఒకే దేశంలోని కంపెనీలు ఒప్పుకోలేవా?

దీనికి తోడు పన్ను తక్కువ కాబట్టి పుదుచ్చేరిలో, మన యానాంలో పొరుగు రాష్ట్రాల కంటె చవకగా పెట్రోలు దొరకడం, పొరుగూళ్ళవారు వచ్చి ట్యాంకు నింపుకుపోవడం చాలాకాలంగా ఉన్న సంగతే. పెట్రోలు చవకైన చోట విద్యుత్ బండివల్ల మిగిలే డబ్బు కూడా ఆ మేరకు తగ్గుతుంది. అటువంటి చోట సౌకర్యమే జనాన్ని ఆకర్షించాలి.

మీరు కొనేముందు

బండి చూడటానికి వెళ్ళినప్పుడు ఈ విషయాలు అడగండి. ప్లగ్గు 2023 భారతీయ ప్రమాణానికి చెందినదా? వేగవంతమైన చార్జింగ్ అంటే ఎన్ని కిలోవాట్లు, ఎన్ని నిమిషాల్లో ఎంత శాతం? మీరు రోజూ వెళ్ళే దారిలో ఆ ప్లగ్గుకు సరిపడే కేంద్రం నిజంగా పనిచేస్తోందా? ఒకసారి స్వయంగా వెళ్ళి చూడండి. బ్యాటరీకి ఎన్ని సంవత్సరాల వారంటీ? రాయితీ పథకాలకు గడువులుంటాయి; 2015, 2019, 2024లలో వచ్చిన పథకాల నిబంధనలు ఒక్కోసారి ఒక్కో తీరుగా ఉన్నాయి. కాబట్టి కొనే రోజున అమలులో ఉన్నదేమిటో తెలుసుకోండి. ఇంట్లో చార్జింగుకు సరైన ఎర్తింగ్ ఉన్న విడి సాకెట్టు పెట్టించండి. మెట్ల కింద, బయటికి వెళ్ళే దారికి అడ్డంగా, పడుకునే గదిలో చార్జింగ్ పెట్టకండి.

ముగింపు

1859 నుంచి ఇప్పటివరకు చూసిన దాన్ని ఇలా క్రోడీకరించవచ్చు. సీసం బరువును లిథియం తగ్గించింది. చట్టంలోని సందేహాన్ని 2018 తీర్చింది. బ్యాటరీ ప్రమాదాలు కొత్త భద్రతా నియమాలను తెచ్చాయి. మిగిలినది ఉమ్మడి ప్లగ్గు, అది కూడా సొంత వాకిలి లేనివారి వీధి దాకా. ఇది శాస్త్రవేత్తలు కనిపెట్టవలసిన వస్తువు కాదు, మనం కుదుర్చుకోవలసిన ఒప్పందం. కొనుగోలుదారులుగా మీరు పట్టుబట్టి అడిగితే అది త్వరగా కుదురుతుంది.

ఆలోచించండి: మీ ఊరి పటం గీసి 3 కిలోమీటర్ల గళ్ళుగా విభజించండి. ప్రతి గడిలో సొంత సాకెట్టు లేని కుటుంబాలు ఏ వీధుల్లో ఎక్కువగా ఉన్నాయో గుర్తించండి. ఒకే ఒక్క చార్జింగ్ స్తంభం పెట్టే అవకాశం మీకు ఇస్తే ఎక్కడ పెడతారు? ఎందుకు?